లెక్కపెట్టే తీగకే ఒక దిక్కు మీద మొగ్గుంటే: సూపర్ కండక్టింగ్ డిటెక్టర్లతో ధ్రువణం కొలత

కాంతి విద్యుత్ క్షేత్రం ఊగే దిక్కే ధ్రువణం. ఒక పోలరైజర్ (ఒకే దిక్కు ధ్రువణాన్ని దాటనిచ్చే పలక), దాని వెనక ఫైబర్, ఫైబర్ చివర క్రయోస్టాట్‌లో (అతిశీతల పాత్రలో) సూపర్ కండక్టింగ్ నానోవైర్ డిటెక్టర్. ఈ వరసలోకి ఏ ధ్రువణమూ లేని కాంతిని పంపి పోలరైజర్‌ని తిప్పుతూ పోతే, ఏ కోణంలోనైనా కౌంట్లు (లెక్కకు వచ్చిన ఫోటాన్ల సంఖ్య) ఒకేలా రావాలి. అలా రావు. కోణంతో పాటు పెరిగి తగ్గుతాయి. లెక్క వేస్తే 20, 30, ఒక్కోసారి 50 శాతం ధ్రువణం ఉన్నట్టు తేలుతుంది. ఫైబర్‌ని కాస్త కదిపి మళ్లీ కొలిస్తే ఆ శాతం కూడా మారిపోతుంది. కాంతిలో మార్పేమీ లేదు, పోలరైజర్‌లో లోపమూ లేదు. ఫోటాన్లను లెక్కపెడుతుందని నమ్మిన డిటెక్టరే ఇక్కడ రెండో పోలరైజర్‌గా పనిచేస్తోంది.

ఈ డిటెక్టర్లు 2001లో మాస్కోలో గోల్ట్స్‌మన్ బృందం చేసిన ప్రదర్శనతో మొదలయ్యాయి. అప్పటి పదార్థం నియోబియం నైట్రైడ్. నేటికీ చాలా వాటిలో అదే ఉంది. సుమారు 5 నానోమీటర్ల మందం, 100 నానోమీటర్ల వెడల్పు ఉన్న తీగను, 200 నానోమీటర్లకు ఒక గీత చొప్పున, 15 మైక్రోమీటర్ల చదరంలో అటూ ఇటూ మడతలు పెడతారు. విప్పి పరిస్తే మిల్లీమీటరు పైచిలుకు పొడవు. దాన్ని 2.5 కెల్విన్ దగ్గర ఉంచి, అతివాహక (సూపర్ కండక్టింగ్) స్థితి తెగిపోయే కరెంటుకు కొంచెం తక్కువ కరెంటు పంపుతారు. 1550 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు. అది తీగలో శోషణమైతే అక్కడ చిన్న ముక్క మామూలు లోహంలా నిరోధం చూపిస్తుంది, కరెంటు 50 ఓముల ఆంప్లిఫయర్ వైపు మళ్లుతుంది, ఒక పల్స్ వస్తుంది. శోషణ జరగకపోతే పల్స్ లేదు. ధ్రువణం మీద మొగ్గు వచ్చేది ఆ శోషణ దగ్గరే.

సమాంతర గీతలన్నీ ఒకే దిక్కున ఉన్న జాలీ ఇది, గీతల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో ఏడో వంతు కూడా లేదు. కాంతి విద్యుత్ క్షేత్రం తీగ పొడవు వెంట ఉంటే తీగ లోపల, బయట క్షేత్రం ఒకటే. తీగకు అడ్డంగా ఉంటే సరిహద్దు నియమం వేరు: పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే స్థాయి) ఎంత ఎక్కువైతే లోపల క్షేత్రం అంత తగ్గాలి. 1550 నానోమీటర్ల దగ్గర నియోబియం నైట్రైడ్ వక్రీభవన గుణకంలో వాస్తవ భాగం 5 పైన, ఊహాభాగం 6కి దగ్గర. దాన్ని వర్గం చేస్తే పర్మిటివిటీ పరిమాణం సుమారు 60. ఈ సంఖ్య చూస్తే అడ్డం దిక్కు శోషణ దాదాపు సున్నా కావాలి. కాకపోవడానికి కారణం తీగ ఆకారం. ఎత్తు 5 నానోమీటర్లే, వెడల్పు దానికి 20 రెట్లు. క్షేత్రం గట్టిగా తగ్గేది అంచుల దగ్గర, మధ్యలో తగ్గుదల తక్కువ. అందుకే మామూలు మడతల డిటెక్టర్లో గరిష్ఠ, కనిష్ఠ సామర్థ్యాల నిష్పత్తి 2 నుంచి 4 దాకా ఉంటుంది. తయారీదారు పత్రంలో 85 శాతం సామర్థ్యం అని రాసి ఉంటే, సాధారణంగా అది ధ్రువణాన్ని తీగకు అనుకూలంగా తిప్పి పెట్టినప్పటి సంఖ్య. అననుకూల దిక్కులో అది మూడో వంతుకు పడిపోవచ్చు.

నిష్పత్తిని ఆర్ అనుకుంటే, ధ్రువణం లేని కాంతిలో డిటెక్టర్ సృష్టించగల దొంగ ధ్రువణం (ఆర్ − 1)/(ఆర్ + 1). ఆర్ 3 అయితే అది 0.5. మొదట చెప్పిన 50 శాతం ఇక్కడిదే. ఒక్కోసారి 20, 30 మాత్రమే కనిపించడం ఫైబర్ పుణ్యం. పోలరైజర్ నుంచి వచ్చే రేఖీయ ధ్రువణాన్ని మామూలు సింగిల్ మోడ్ ఫైబర్ తన వంపులకు, బిగుతుకు తగ్గట్టు ఏదో దీర్ఘవృత్త ధ్రువణంగా (క్షేత్రం కొస దీర్ఘవృత్తం గీసేలా) మార్చి తీగ దగ్గరికి చేరుస్తుంది. ఫైబర్ ముందర వర్తుల ధ్రువణం (క్షేత్రం వృత్తంలా తిరిగేది) అయినదే తీగ దగ్గర దాని ఇష్టదిశగా మారేలా కుదిరితే దొంగ సిగ్నల్ సున్నా కూడా కావచ్చు. అలా కుదిరిన రోజు అమరిక బాగుందని నమ్మడం కన్నా ప్రమాదకరమైనది లేదు. రేపు గది ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు మారితే అదే ఫైబర్ వేరే జవాబు చెబుతుంది.

కాబట్టి ఏ కొలతకైనా ముందు డిటెక్టర్ నిష్పత్తిని కొలిచి పెట్టుకోవాలి. 1550 నానోమీటర్ల లేజర్ 1 మిల్లీవాట్ ఇస్తే సెకనుకు దాదాపు 8 వేల లక్షల కోట్ల ఫోటాన్లు. దాన్ని 100 డెసిబెల్స్ తగ్గిస్తే 0.1 పికోవాట్, అంటే సెకనుకు సుమారు 8 లక్షల ఫోటాన్లు. ఇంకో 5, 10 డెసిబెల్స్ తగ్గిస్తే పనికి అనువైన స్థాయి. ఒకే అటెన్యుయేటర్‌తో ఇంత తగ్గించడం కన్నా రెండు మూడు వరసగా పెట్టి, ఒక్కోదాన్నీ విడిగా పవర్ మీటర్‌తో సరిచూడటం మేలు. ఆ తరవాతే మూడు తెడ్ల ఫైబర్ పోలరైజేషన్ కంట్రోలర్ (ఫైబర్ చుట్టలను తిప్పి ధ్రువణాన్ని మార్చే పరికరం). ఈ వరస తిరగబడితే అటెన్యుయేటర్లకుండే ధ్రువణాధార నష్టం, 0.1 డెసిబెల్ అయినా సరే, రెండు శాతం పైన తేడాగా లెక్కలోకి దూరుతుంది. తెడ్లు ఒక్కొక్కటిగా తిప్పుతూ గరిష్ఠ కౌంట్లు, తరవాత కనిష్ఠ కౌంట్లు వెతకాలి. లేజర్ మూసి డార్క్ కౌంట్లు (కాంతి లేకున్నా వచ్చేవి) కొలిచి రెండిట్లోంచీ తీసేయాలి. నిష్పత్తి 3 ఉన్న డిటెక్టర్లో ఈ తీసివేత పెద్ద తేడా చూపదు. నిష్పత్తి పెద్దదైన కొద్దీ జవాబంతా దాని మీదే నిలబడుతుంది. గరిష్ఠం 1,00,000, కనిష్ఠం 350, డార్క్ కౌంట్లు 100 అనుకుంటే అసలు నిష్పత్తి 400. తీసివేయకపోతే 286 అని వస్తుంది.

బయాస్ కరెంటు (తీగలో పంపే కరెంటు) ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. కరెంటు పెంచుతూ పోతే కౌంట్లు ఒక దశ తరవాత పెరగడం ఆగి సమతలం వస్తుంది. అక్కడ శోషణమైన ప్రతి ఫోటానూ దాదాపు పల్స్ ఇస్తున్నట్టు లెక్క, ధ్రువణం మీద మొగ్గు శోషణ ఒక్కదానిదే. సమతలం కింద పనిచేయిస్తే పరిస్థితి చిక్కుపడుతుంది. రెండు ధ్రువణాలూ తీగ వెడల్పులో ఒకే చోట శోషణం కావు, అంచుల దగ్గరా మధ్యలోనూ పల్స్ వచ్చే అవకాశం ఒకటి కాదు. కాబట్టి నిష్పత్తి కూడా కరెంటుతో, ఉష్ణోగ్రతతో మారుతుంది. సమతలం లేని డిటెక్టర్‌ని ధ్రువణం కొలతకు వాడకపోవడమే మంచిది.

ఇక అసలు కొలత. నిర్ధారించాల్సినవి, ధ్రువణాన్ని పూర్తిగా చెప్పే నాలుగు స్టోక్స్ రాశులు: ఎస్0 మొత్తం తీవ్రత, ఎస్1 అడ్డం, నిలువు ధ్రువణాల తేడా, ఎస్2 45, 135 డిగ్రీల తేడా, ఎస్3 కుడి, ఎడమ వర్తుల ధ్రువణాల తేడా. ఒకే డిటెక్టర్ ఉన్నచోట పాటించాల్సిన నియమం ఒకటే: తిరిగేది ముందు, కదలని పోలరైజర్ వెనక, దాని తరవాతే ఫైబర్. పోలరైజర్‌ని తిప్పితే ఫైబర్‌లోకి పోయే ధ్రువణం తిరుగుతుంది, డిటెక్టర్ మొగ్గు సిగ్నల్‌లో కలుస్తుంది. పోలరైజర్‌ని బిగించి దాని ముందు, రెండు లంబ దిక్కుల క్షేత్రాల మధ్య 90 డిగ్రీల దశాభేదం తెచ్చే క్వార్టర్ వేవ్‌ప్లేట్‌ని తిప్పితే ఫైబర్‌లోకి ఎప్పుడూ ఒకే ధ్రువణం పోతుంది. ఫైబర్ దాన్ని ఏం చేసినా, తీగ దాన్ని ఎంత తక్కువగా మింగినా, అదంతా ఒక స్థిర గుణకం. నిష్పత్తి 3 ఉన్న డిటెక్టర్ కూడా ఈ అమరికలో దోషం చూపదు. తెడ్లతో ఆ గుణకాన్ని గరిష్ఠానికి తెచ్చి ఫైబర్‌ని టేపుతో బల్లకు అతికిస్తే చాలు. గరిష్ఠం దగ్గర పెట్టడంలో ఇంకో లాభం ఉంది: అక్కడ వక్రం వాలు సున్నా, కాబట్టి ఫైబర్ చిన్నగా కదిలినా కౌంట్లు పెద్దగా మారవు.

ప్లేటు తిరుగుతుంటే కౌంట్లు కోణంతో మారే తీరులో అన్నీ దొరుకుతాయి. పోలరైజర్ అడ్డంగా ఉంటే, సగటు విలువ ఎస్0కి ఎస్1లో సగం కలిపినంత. ప్లేటు కోణానికి రెండు రెట్ల సైన్ భాగం ఎస్3. నాలుగు రెట్ల కొసైన్ భాగం ఎస్1లో సగం, నాలుగు రెట్ల సైన్ భాగం ఎస్2లో సగం. 10 డిగ్రీలకొకటి చొప్పున 36 స్థానాలు, ఒక్కో చోట ఒక సెకను, సెకనుకు లక్ష కౌంట్లు తీసుకుంటే మొత్తం 36 లక్షల కౌంట్లు. ఫోటాన్ల యాదృచ్ఛికత వల్ల ఎస్3లో వచ్చే తప్పు సుమారు 0.07 శాతం. ఎస్1, ఎస్2 సగం పరిమాణంలో కనిపిస్తాయి కనుక వాటిలో తప్పు దానికి దాదాపు రెట్టింపు.

ఈ స్థాయికి వచ్చాక అసలు పరిమితి ఫోటాన్ల సంఖ్యలో ఉండదు, ప్లేటులో ఉంటుంది. క్వార్టర్ వేవ్‌ప్లేట్ 90 డిగ్రీల బదులు 92 డిగ్రీల దశాభేదం ఇస్తే ఎస్1, ఎస్2 రెండూ 3.5 శాతం ఎక్కువగా వస్తాయి. ఎస్3లో తేడా 0.1 శాతం కూడా ఉండదు. మల్టీ ఆర్డర్ ప్లేటు (దశాభేదంలో అదనంగా పూర్తి చుట్లు ఉండే మందమైనది) అయితే తరంగదైర్ఘ్యం కొన్ని నానోమీటర్లు జరిగినా ఈ తప్పు వచ్చేస్తుంది, ఆ అదనపు చుట్లు లేని జీరో ఆర్డర్ ప్లేటు తప్పనిసరి. వెడల్పైన వర్ణపటం కొలవాలంటే వరసగా పేర్చిన మూడు ప్లేట్ల అమరిక కావాలి. ఆ ఆలోచన 1955లో బెంగళూరులో పంచరత్నం ప్రచురించినది. దశాభేదాన్ని ఊహించుకోకుండా కొలవడమూ తేలికే: స్వచ్ఛమైన రేఖీయ ధ్రువణాన్ని పంపి, ధ్రువణ పరిమాణం సరిగ్గా 1 వచ్చేలా దశాభేదాన్ని సవరించాలి.

ప్లేటు రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోవడం ఇంకో బాధ. 30 ఆర్క్ సెకన్ల వాలు ఉంటే, 11 మిల్లీమీటర్ల లెన్సు వెనక ఫైబర్ మీద కాంతి చుక్క 0.8 మైక్రోమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతుంది. ఫైబర్ మోడ్ వ్యాసం 10 మైక్రోమీటర్ల పైన కనుక నష్టం చిన్నదే అనిపిస్తుంది. అయితే అమరిక ముందే ఒక మైక్రోమీటరు పక్కకు జరిగి ఉంటే కౌంట్లలో 6 శాతం ఊపు వస్తుంది. అదృష్టం ఏమిటంటే ఈ ఊపు ప్లేటు చుట్టుకు ఒకసారే వస్తుంది, ధ్రువణం సిగ్నల్ చుట్టుకు రెండుసార్లు, నాలుగుసార్లు. అందుకే 180 డిగ్రీలతో సరిపెట్టుకోకుండా పూర్తి 360 తిప్పాలి. ఒకటో రెట్టు భాగం పెద్దగా కనిపిస్తే లెన్సును మళ్లీ సరిచేసుకోవాలి.

ప్లేటు ఆగకుండా తిరిగే మోటారు మీద ఉంటే చల్లబరిచే యంత్రం కూడా వాటా అడుగుతుంది. గిఫర్డ్ మెక్‌మాన్ క్రయోకూలర్ కొట్టుకునే వేగం సుమారు సెకనుకు ఒకసారి. ప్రతి కొట్టుకీ చిప్ ఉష్ణోగ్రత కొన్ని మిల్లీకెల్విన్లు ఊగుతుంది, లోపలి ఫైబర్ కదులుతుంది. ప్లేటు సెకనుకు అర చుట్టు తిరిగితే ఎస్3 సిగ్నల్ సరిగ్గా 1 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, కూలర్ ఊపు వర్తుల ధ్రువణం వేషం వేసుకుని జవాబులో కూర్చుంటుంది. సెకనుకు 0.37 చుట్ల లాంటి పొంతన లేని వేగం ఎంచుకుంటే రెండూ విడిపోతాయి. పల్స్‌ల సమయాలు రాసే టైమ్ ట్యాగర్‌లో ప్రతి ఫోటానుతో పాటు మోటారు సూచిక పల్స్‌ని కూడా నమోదు చేస్తే ఈ విడదీత తరవాత తీరిగ్గా చేసుకోవచ్చు.

కౌంట్ల రేటు పెంచితే త్వరగా ముగించవచ్చనే ఆశకు హద్దుంది. పైన చెప్పిన కొలతల తీగకు కైనెటిక్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును ఆలస్యం చేసే గుణం) దాదాపు ఒక మైక్రోహెన్రీ. 50 ఓములతో భాగిస్తే కోలుకునే కాలస్థిరాంకం 20 నానోసెకన్లు. పూర్తి సామర్థ్యం తిరిగి రావడానికి 50, 60 పడుతుంది. సెకనుకు లక్ష దగ్గర కోల్పోయేది అర శాతం, పది లక్షల దగ్గర 5 శాతం. ఈ నష్టం గరిష్ఠాల దగ్గర ఎక్కువ, కనిష్ఠాల దగ్గర తక్కువ కనుక కొలిచిన ధ్రువణం అసలు కన్నా తగ్గుతుంది, వక్రంలో లేని 6, 8 రెట్ల భాగాలు పుట్టుకొస్తాయి. ఆ భాగాలు కనిపించడమే రేటు ఎక్కువైందనడానికి గుర్తు. స్థిరమైన మృతకాలం (పల్స్ తరవాత తీగ స్పందించని వ్యవధి) సూత్రంతో సవరించవచ్చు గానీ, తీగ సామర్థ్యం మెల్లగా కోలుకుంటుంది కాబట్టి ఆ సవరణ ఉజ్జాయింపే. రేటు తగ్గించుకోవడం దానికన్నా నమ్మకమైన దారి.

ఇంకో సంగతి. తీగ ఒక్కోసారి వేడిముక్క చల్లారక నిరోధ స్థితిలోనే ఇరుక్కుపోతుంది, కౌంట్లు సున్నా అవుతాయి. ఒకే డిటెక్టరైతే వెంటనే తెలుస్తుంది. కాంతిని రెండు లంబ ధ్రువణాలుగా విడదీసే పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్ రెండు వైపులా రెండు డిటెక్టర్లు పెట్టినచోట మాత్రం ఒకటి సున్నా కావడమంటే నూటికి నూరు శాతం ధ్రువణం! డార్క్ కౌంట్ల కన్నా తక్కువ కౌంట్లు చూపే ఏ చానల్‌నైనా ప్రోగ్రామ్ తనంతట తానే అనుమానించేలా రాసుకోవాలి. బయాస్‌ని ఒక క్షణం సున్నా చేసి తిరిగి ఇస్తే తీగ తేరుకుంటుంది.

తిరిగే భాగం లేకుండా, ప్రతి ఫోటానునూ ఏదో ఒక చానల్లో పట్టుకోవాలంటే డిటెక్టర్లు ఎక్కువ కావాలి: కాంతిని మూడు పాయలు చేసి, ఒకదాన్ని నేరుగా, ఒకదాన్ని 180 డిగ్రీల దశాభేదం తెచ్చే హాఫ్ వేవ్‌ప్లేట్‌తో, ఒకదాన్ని క్వార్టర్ వేవ్‌ప్లేట్‌తో పోలరైజింగ్ స్ప్లిటర్లలోకి పంపితే ఆరు చానళ్లు. ఘనాకార స్ప్లిటర్లో దూసుకుపోయే కాంతి శుద్ధి 1000:1 దాటినా, పక్కకు తిరిగే కాంతి శుద్ధి చాలావాటిలో 100:1 లోపే. అటువైపు ఇంకో పోలరైజర్ తగిలించాలి. ధ్రువణాన్ని పట్టించుకోదని అమ్మే బీమ్ స్ప్లిటర్ కూడా కొన్ని శాతం పట్టించుకుంటుంది. ఆరు డిటెక్టర్ల సామర్థ్యాలు ఆరు రకాలు. వీటన్నిటినీ విడివిడిగా సరిదిద్దే ప్రయత్నం కన్నా మొత్తాన్ని ఒక మాత్రికగా కొలవడం సులువు: తెలిసిన ఇన్‌పుట్ స్థితులు కనీసం నాలుగు, వీలైతే పన్నెండు దాకా పంపి, ప్రతి చానల్ కౌంట్లు నాలుగు స్టోక్స్ రాశులకు ఎలా స్పందిస్తాయో రాసుకుని, ఆ మాత్రికను తిరగేసి వాడాలి.

మాత్రికే దిక్కయినప్పుడు స్ప్లిటర్లు ఎందుకు, డిటెక్టర్ మొగ్గునే వాడుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. 0, 45, 90, 135 డిగ్రీల్లో నాలుగు మడతల తీగలు ఒకే చిప్ మీద గీస్తే రేఖీయ ధ్రువణం దొరుకుతుంది. ఎస్3 మాత్రం దొరకదు, తిన్నని గీతల తీగకు కుడి వర్తులం, ఎడమ వర్తులం ఒకటే. ఫైబర్ల ద్వారా నాలుగు మామూలు డిటెక్టర్లకు పంపితే ఆ చిక్కు దానంతటదే తీరుతుంది: ఫైబర్లు ఒక్కో తీగ ఇష్టదిశను పాంకరే గోళం (ధ్రువణ స్థితులన్నిటినీ బిందువులుగా చూపే గోళం) మీద ఏదో ఒక మూలకు తోసేస్తాయి, ఆ నాలుగు బిందువులూ ఒకే తలంలో పడకుండా ఉంటే చాలు. చెల్లించాల్సిన మూల్యం ఫోటాన్లలో ఉంటుంది. ఆర్ 3 ఉన్న తీగలతో అదే ఖచ్చితత్వం కావాలంటే ఆదర్శ విశ్లేషకంతో పోలిస్తే నాలుగు రెట్ల ఫోటాన్లు కావాలి, ఆర్ 2 అయితే తొమ్మిది రెట్లు. అందుకే ఈ పనికి నిష్పత్తిని కావాలని పెంచిన డిటెక్టర్లు తయారవుతున్నాయి. 400 దాటిన నిష్పత్తి 2018లోనే ప్రచురితమైంది.

ఎదురు దిశలో, మొగ్గును తీసేసే ప్రయత్నాలూ ఉన్నాయి. డెల్ఫ్ట్‌లో 2008లో తీగను చతురస్రపు మడతలకు బదులు చుట్టలా చుట్టారు. దిక్కులన్నీ సమానం కనుక సగటున మొగ్గు ఉండదు. అయితే కాంతి చుక్క చుట్ట నడిమధ్యలో పడాలి. పక్కకు జరిగితే అక్కడి తీగ దిక్కే కనిపిస్తుంది. తియాంజిన్‌లో ఫ్రాక్టల్ గీతలతో, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఒకదానికొకటి లంబంగా రెండు పొరల తీగలతో ఇదే సాధించారు. ధ్రువణం కొలిచేవారికి ఇవి తప్పనిసరి కావు. కదలని పోలరైజర్ వెనక ఉన్న మామూలు తీగ వాటికి ఏమీ తీసిపోదు. వాటి అసలు చోటు, ధ్రువణం ఏమిటో ముందే తెలియని ఫోటానును వదులుకోకూడని పనుల్లో ఉంది.

జంట ఫోటాన్ల స్థితిని పునర్నిర్మించే టోమోగ్రఫీలో పైన చెప్పినవన్నీ రెండేసి సార్లు వర్తిస్తాయి. కనీసం 16 జంట కొలతలు కావాలి. 36 తీసుకుంటే ఒక్కో చానల్ సామర్థ్యాన్ని కౌంట్ల నుంచే రాబట్టవచ్చు. ఇరువైపులా సెకనుకు లక్ష కౌంట్లు, ఒకే జంటగా లెక్కించే సమయపు కిటికీ ఒక నానోసెకను పెడితే యాదృచ్ఛిక జోడీలు సెకనుకు 10. ఈ డిటెక్టర్ల జిట్టర్ (పల్స్ వచ్చే సమయంలో ఊగిసలాట) కొన్ని పదుల పికోసెకన్లే కనుక కిటికీని 200 పికోసెకన్లకు కుదించి వాటిని 2కి దించవచ్చు.

కొలత సాగినంతసేపూ పది పదిహేను నిమిషాలకోసారి తెలిసిన ఒక రేఖీయ స్థితిని, ఒక వర్తుల స్థితిని మధ్యలో పంపి చూడాలి. జవాబు అర శాతం జరిగితే ముందున్న ముక్కను పక్కన పెట్టాలి. డిటెక్టర్ మొగ్గునే విశ్లేషకంగా వాడే అమరికలో పాత మాత్రిక క్రయోస్టాట్‌ని ఒకసారి వేడెక్కించి మళ్లీ చల్లబరిచేదాకానే చెల్లుతుంది. లోపలి ఫైబర్ మీది బిగింపులు కొత్తగా ముడుచుకుంటాయి, నాలుగు ఇష్టదిశలూ గోళం మీద కొత్త చోట్లకు వెళ్తాయి. మళ్లీ పన్నెండు స్థితులూ పంపి మాత్రికను మొదటి నుంచి రాసుకోవాలి, దానికి దాదాపు అరపూట పడుతుంది.